గోడ మీద ఎర్రచెయ్యి

ఉప్పల్ స్కైవాక్ మీద మూడో చుట్టులో ఉండగా ఫోన్ వచ్చింది.

మాకు రోడ్డు దాటే పనేమీ లేదు. పెళ్లై ఇరవై ఆరు రోజులైంది, అదే పని. కింద రింగురోడ్డు మీద బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే, పైన మేమిద్దరం ముంజల కవరు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాం. చుట్టుకో ముంజ ఒలిచి నా నోట్లో పెట్టాలని మహిపాల్‌తో పందెం. రెండో చుట్టులో ముంజనీళ్లు అతని చొక్కా మీద చిందితే, ఇద్దరం రైలింగు పట్టుకుని నవ్వాం. ఎందుకంత నవ్వొచ్చిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

"త్రివేణీ, నువ్వు సెలెక్టయ్యావమ్మా," అంది ఫోన్లో విజయశ్రీ మేడం. "సోమవారం నుంచి రా. నీకిచ్చిన ఊరు కూడా చెప్పేస్తున్నా, రాసుకో."

ఊరి పేరు విని నేను గట్టిగా అరిచాను. పక్కనుంచి పోతున్న ఒకావిడ ఉలిక్కిపడి చూసింది. అది మా అత్తమ్మ పుట్టిన ఊరు. ఘట్‌కేసర్ దాటాక, మూసీ నీళ్లతో వరి పండే ఊరు. మా పెళ్లిలో ఆ ఊరి నుంచే రెండు డీసీఎం వ్యాన్ల జనం వచ్చారు.

విజయశ్రీ మేడందొక చిన్న సంస్థ. ఉప్పల్లో రెండు గదుల ఆఫీసు. ఊళ్లలో పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలను కూడగట్టి, వాళ్లకు రక్తం ఎంతుందో చూసి, ఏం తినాలో చెప్పి, బడి మానకుండా, చిన్న వయసులో పెళ్లి చేయకుండా చూసుకోవడం వాళ్ల పని. నేను సోషల్ వర్క్‌లో పీజీ చేసింది ఇలాంటి పని కోసమే.

"మామోల్ల ఊరే ఇచ్చిన్రా?" మహిపాల్ మొహం వెలిగిపోయింది. "ఇగ నీకేం ఫికరే లేదు పో. ఊరు ఊరంత మనోల్లే."

నిజమే. ఆ ఎండాకాలం నన్ను తిట్టినవాళ్లంతా మనవాళ్లే.

*

నాచారంలో మా ఇల్లు ఫ్యాక్టరీల వెనక సందులో ఉంటుంది. రెండు గదులు, ముందు కొంచెం వాకిలి, మెట్లెక్కితే డాబా. మధ్యాహ్నం మూడింటికి వీధి చివర బ్రెడ్డు బట్టీ నుంచి వాసన వస్తుంది. ఆ వాసన కోసం నేను పని ఆపి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. మహిపాల్ సీసా మూతల ఫ్యాక్టరీలో ఆపరేటరు. రంగు తేడా వచ్చి పారేసిన మూతలు రోజుకొకటి తెచ్చేవాడు. ఒకరోజు సగం నీలం సగం ఆకుపచ్చ, ఒకరోజు మామిడిపండు రంగు. వాటిని కిటికీ చువ్వల మధ్య పేర్చేదాన్ని. అత్తమ్మ చూసి, "చెత్తకు గూడ పూజలు వెట్టే పిల్లను తెచ్చిండు," అనేది.

అత్తమ్మ పేరు దుర్గమ్మ. నలభై ఎనిమిదేళ్లు. అగర్‌బత్తీల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి మానేసింది. మెట్లెక్కితే మధ్యలో ఒకసారి కూర్చుంటుంది.

మేడం నాకు రక్తం చూసే చిన్న మిషన్ ఇచ్చిన రోజు, అలవాటు కోసం ముందు ఇంట్లోవాళ్ల మీదే ప్రయోగం మొదలుపెట్టాను.

"ఏందే గది, కరెంటు మీటరా?"

"రక్తం ఎంతుందో జూసుడు అత్తమ్మ. ఏలు ఇయ్యు."

సూది గుచ్చితే చలించలేదు. మిషన్ ఏడు పాయింట్ తొమ్మిది చూపించింది.

"ఎంతుండాలె?"

"పన్నెండు."

"పన్నెండేడికెల్లి వస్తదే? ఇద్దరిని గన్న. ఇరవయ్యారేండ్లు బత్తీలు చుట్టిన. ఉన్నన్ని దినాలు మీ మామ తాగిండు. గా ఏడన్న మిగిలింది, సంతోషపడు."

పడీపడీ నవ్వాం. ఆఫీసులో అడిగి ఐరన్ గోలీల పట్టీలు తెచ్చి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకోమన్నాను. "గోలీలు తింటె నల్లగయితరంట, నాకొద్దు," అని పసుపు డబ్బా పక్కన పడేసింది.

*

ఊళ్లో క్యాంపు ఏప్రిల్ చివర్లో పెట్టాం. బడికి సెలవులు కాబట్టి అంగన్వాడీ వరండాలో. ముప్పై ఒక్క మంది వచ్చారు. నేను దుర్గమ్మ కోడలినని తెలిసి ఇంటింటా మజ్జిగ ఇచ్చారు. ఒక ముసలమ్మ నా గాజులు లెక్కపెట్టి, తక్కువున్నాయని మహిపాల్‌ను తిట్టింది.

మేడం పద్ధతి ఒకటుంది. ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలవాలి. రక్తం ఎంతో కార్డు మీద రాసి, కవర్లో పెట్టి, ఆ పిల్ల చేతికే ఇవ్వాలి. ఇంకొకరి ముందు నోరెత్తకూడదు. అంతా అలాగే చేశాను. కానీ కార్డులు కవర్లలోకి పోయాక వరండా గోడ బోసిగా కనిపించింది. నా దగ్గర నాచారంలో కొన్న మూడు రంగుల డబ్బాలున్నాయి. మంచి రక్తమున్న పిల్లలు ఆకుపచ్చలో, మధ్యస్థంగా ఉన్నవాళ్లు పసుపులో, ఎనిమిది కంటే తక్కువున్నవాళ్లు ఎరుపులో చెయ్యి ముంచి గోడకు అద్దాలి. పేర్లు ఉండవు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, ఎర్రచేతుల మీద పసుపు, పసుపు మీద ఆకుపచ్చ అద్దుకుంటాం. గోడ అలా పచ్చబడుతూ పోతుంది. అనుకుంటేనే ఒళ్లు పులకరించింది. పేర్లు లేకపోతే ఎవరిదో ఎవరికి తెలుస్తుందనుకున్నాను.

అత్తమ్మ తమ్ముడు మొగిలయ్య చిన్నాయిన కూతురు చివర వచ్చింది. దుర్గాభవాని. మేనత్త పేరే పెట్టారు, తోక తగిలించి. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. ఆరేళ్లప్పుడు గడ్డి కోసే మిషన్లో పడి కుడిచేతి ఉంగరం వేలు సగం పోయింది. ఆమె రక్తం ఏడు పాయింట్ ఆరు.

"నా చెయ్యి వెడితె గోడ ఖరాబైతదేమో అక్క," అంది ఎర్రరంగు డబ్బా ముందు నిలబడి.

"నీ చెయ్యే మంచిగ పడ్తది జూడు," అన్నాను. ఆ చేతిని నా చేత్తో పట్టుకుని, రంగులో ముంచి, గోడకు నేనే అద్దాను. మూడున్నర వేళ్లు, ఒక బొటనవేలు. ఎంత ముచ్చటేసిందంటే, ఆ చెయ్యి మధ్యలో వచ్చేలా ఫోటో తీశాను. కింద ఏ రంగుకు ఏం అర్థమో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది, అది కూడా పడింది. బస్సులో కూర్చుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మా ఊరి చేతులు అని, పక్కన మూడు హృదయాలు.

ఉప్పల్ చేరేసరికి ఎనభై నాలుగు మంది చూశారు. పెళ్లిలో కలిసిన చుట్టాలందరి నంబర్లూ నా ఫోన్లో ఉన్నాయి మరి. ఒక్కో పేరూ చదివి మహిపాల్‌కు వినిపించాను.

*

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, బ్రెడ్డు వాసన వచ్చే వేళకు, మొగిలయ్య చిన్నాయిన వచ్చాడు. నేను సంబరంగా మంచినీళ్లు తీసుకెళ్లాను. ఆయన గ్లాసు తీసుకుని, తాగకుండా, నా కాళ్ల ముందు గచ్చు మీద ఒంపేశాడు.

"అక్కా, నీ కోడలు నా బిడ్డ లగ్గం ఎత్తగొట్టింది."

అత్తమ్మకు అర్థం కాలేదు. నాకు అంతకంటే అర్థం కాలేదు. "ఏ లగ్గం చిన్నాయిన? భవానికి పదహారే గదా?" అన్నాను.

"సూడు అక్క, సూడు. గిందుకే దీనికి చెప్పలే. లాలాపేట్ల మొబైల్ దుకాణం పిలగాడు. మే నెలల లగ్గం అనుకున్నం. నీకు కుండలెత్తే చీర గూడ తెచ్చి పెట్టిన." చేతిలో ఉన్న కవరును మంచం మీదికి విసిరాడు. "పిలగాని అక్క ఫోన్ల ఫోటో సూసిందట. సగం ఏలు మీ పిల్లదే గదా, ఎరుపంటె రక్తం లేదని కింద రాసున్నది గదా, రోగపు పిల్లను అంటగడ్తున్రా అని అడుగుతున్నరు."

ఆయన చెప్పింది వినబడుతూనే ఉంది. నా కళ్ల ముందు మాత్రం గోడ మీద ఆ చెయ్యే కదులుతోంది. నేనే పట్టుకుని అద్దిన చెయ్యి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు, ఆ ఇంటికి పిల్లనడగడానికి వచ్చినవాళ్లు, ఎవరు చూసినా గుర్తుపట్టే చెయ్యి.

"నా బిడ్డను కాదని బయటి పిల్లను తెచ్చుకున్నరు," అన్నాడు, షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డ మహిపాల్ వైపు తిరిగి. "సరే, మీ ఇష్టం. ఆ తెచ్చుకున్నది నా ఇంటి మీద పడె. చదువుకున్నదట. ఏం చదివిందిరా, ఊర్ల ఆడపిల్లల రోగాలు చాటింపేసుడా?"

"మామా, తెల్వక చేసింది..."

"తెల్వకనా? మూడు దిల్‌లు వెట్టింది!"

ఆయన వెళ్లిపోయాడు. అత్తమ్మ మంచం మీది కవరు తీసి, విప్పకుండానే బీరువాలో పెట్టింది. ఆ రోజు నుంచి నాతో నేరుగా మాట్లాడడం మానేసింది. ఏం చెప్పాలన్నా గిన్నెలతోనో కిటికీలో మూతలతోనో చెప్పేది. "ఓ మూతా, నీళ్లొచ్చినయంట, మోటరు వెయ్యమను." "గిన్నే, జర ఫోనున్నోళ్లను అడుగు, నా పుట్టిల్లు ఇంక మిగిలి ఉన్నదా అని." నవ్వొచ్చే మాటలే. వారం రోజులు అవే వింటే నవ్వు రాదు.

మేడం ఆఫీసులో తలుపేసి అడిగింది. "కార్డు కవర్లో పెట్టమని ఎందుకన్నానమ్మా?"

"తప్పైంది మేడం. కానీ... పెళ్లి అయితే ఆగింది కదా? మనం ఆపాల్సిందే కదా?"

"ఆగింది. పిల్లకి వయసు చాల్లేదని ఆగిందా? పిల్లలో లోపముందని ఆగింది. అలా ఆగితే ఆగినట్టు కాదు. చూస్తూ ఉండు, ఇంతకంటే తొందరగా, ఇంతకంటే పనికిమాలినవాడికి చేస్తారు."

*

ఊరికి మళ్లీ వెళ్లేసరికి అంగన్వాడీకి తాళం వేసి ఉంది. వరండా గోడకు ఎవరో సున్నం కొట్టారు. పలుచటి సున్నం. కింద నుంచి ముప్పై ఒక్క చేతులూ లీలగా కనిపిస్తూనే ఉన్నాయి, ఎరుపువి మరీ ఎక్కువగా.

మజ్జిగ ఇచ్చిన ఇళ్ల ముందు నిలబడితే తలుపులు వేసుకున్నారు. నా గాజులు లెక్కపెట్టిన ముసలమ్మ అరుగు మీద కూర్చుని, మనవరాలిని వెనక్కి నెట్టింది. "నీకింకా కడుపే పండలే, మా పిల్లల సంగతి నీకెందుకే? పో, ముందుగాల ఒకర్ని గని పెంచు, అప్పుడు రా." ఒకతను బండి ఆపి ఫోన్ నా మొహం ముందు పెట్టి, "నీ ఫోటో గూడ దీసి స్టేటస్ వెట్టాల్నా మేడం? ఏ రంగు వెయ్యమంటవు?" అన్నాడు. చుట్టూ నవ్వారు. నిజంగానే ఫోటో తీశాడు.

నేను ఏడవలేదు. ఆ రోజు బస్టాపులో రేకు కింద కూర్చుంటే, గోధుమరంగు కుక్క ఒకటి వచ్చి నా చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయింది. బస్సు వచ్చేదాకా కాలు కదపలేదు. ఆ ఊళ్లో ఆ రోజు నాకు దొరికిన మర్యాద అదే. దానికీ సంతోషపడ్డాను.

అయినా మంగళవారం, శుక్రవారం వెళ్తూనే ఉన్నాను. ఇంటింటికీ కాదు, కార్డుల్లో తక్కువున్న తొమ్మిది మంది పిల్లలు నీళ్లకు వచ్చే చోటికి. గోలీలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగొచ్చేదాన్ని. మొదట్లో ఇద్దరు తీసుకున్నారు, అందులో భవాని ఒకతి. మూడో వారానికి ఆరుగురు.

భవాని ఒంటరిగా దొరికింది మాత్రం ఆ మూడో వారంలోనే, వాటర్ ప్లాంటు వెనక. క్యాను పక్కన పెట్టి నవ్వింది.

"అక్క, నా చెయ్యి మస్తు ఫేమస్ అయింది."

"నన్ను తిట్టు భవాని. నేను జేసింది తప్పు. నీ చెయ్యి అని నాకు తెలుసు, తెలిసే ఫోటో తీసిన."

"ఎందుకు తిట్టాలె? గా మొబైల్ దుకాణపోడు తప్పిండు గదా." క్యాను మూత బిగించింది. "పది పాసైన. నాలుగు వందల డెబ్బై వచ్చినయ్. పాలిటెక్నిక్‌కు రాస్తనంటె బాపు గిన్నె ఇసిరిండు. అక్క... ఇంకో సంబంధం సూస్తుండు. భువనగిరి దిక్కు. ఉపేందర్ అంట, ముప్పై నాలుగేండ్లంట. పెండ్లాం ఇడిచిపెట్టి పోయిందంట. రక్తం గిక్తం అడగరంట ఆల్లు."

ఆ వారం గోలీల పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

"ఆల్లకు గూడ ఫోటో పంపరాదు?" అంది. తమాషాకు కాదు. "నాకు పెండ్లి వద్దంటె ఎవ్వరు ఇనలే. రక్తం లేదంటె ఊరంత ఇన్నరు. ఇంకోసారి చెయ్యి అక్క."

ఫోన్లో ఆ ఫోటో ఇంకా ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, వేలు అటు పోయింది. తర్వాత ఆ ఫోటో ఆమె ముందే తీసేశాను. మిషన్ తీసి ఆమె వేలు పట్టుకున్నాను. సగం వేలు కాదు, పక్కది. తొమ్మిది పాయింట్ రెండు.

"పెరిగింది," అన్నాను. "ఇగ రక్తం పేరు చెప్పి ఎవ్వరినీ ఆపను. నీకు పదహారేండ్లని చెప్పి ఆపుత. లగ్గం ఎప్పుడో తెలిసిన దినం నాకొక్క ఫోన్ చెయ్యి."

"నాకు ఫోనిస్తరా ఇంట్ల?"

"ఎవలదో ఒకలది అడుగు."

*

ఇంట్లో ఒక సంగతి నాకు అంతుపట్టేది కాదు. పసుపు డబ్బా పక్కన పడేసిన గోలీల పట్టీలో రోజుకొకటి తగ్గుతోంది. అత్తమ్మ గోలీ మింగడం నేను ఒక్కసారీ చూడలేదు. నా మీద కోపంతో రోజుకొకటి మోరీలో పారేస్తోందనుకున్నాను. పట్టీ అయిపోతే కొత్తది పెట్టేదాన్ని. అదీ తగ్గేది. మా ఇద్దరి మధ్యా ఆ నెల రోజులూ నడిచిన సంభాషణ అదొక్కటే.

మే చివరి వారంలో ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. వాకిట్లో తీగ మీద ముదురు ఆకుపచ్చ పట్టుచీర ఆరేసి ఉంది. మడతల గీతలు కూడా పోలేదు. కుండలెత్తే చీర.

మా వైపు పెళ్లిలో ముందు కుమ్మరింటికి వెళ్లి, రంగులు వేసిన ఐరేని కుండలు డప్పులతో తెచ్చి పందిట్లో పెట్టాలి. ఆ తర్వాతే ఏ పనైనా. పెళ్లికూతురి మేనత్త ఆ కుండలు ఎత్తుకొస్తుంది. మొగిలయ్య చిన్నాయినకు ఉన్నది ఒక్కతే అక్క.

చీర కింద నిలబడ్డాను. అప్పుడే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్క, నేను భవానిని. రేపే. పొద్దుగాల ఏడుంబావుకు. ఇంట్లనే, పదిమందితోని. ఫోన్ పక్కింటామెది, పెడ్తున్న."

అంతే. పెట్టేసింది.

లోపల అత్తమ్మ గచ్చు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మహిపాల్ ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, అన్నం కంచం ముందు కూర్చున్నాడు. "నీకు తెల్సా?" అని అతన్ని అడిగాను. తెలియదని అతని మొహమే చెప్పింది. అత్తమ్మను అడగలేదు. చీరే చెప్పింది.

ఎవరి పేరూ చెప్పకుండా ఫోన్ చేయొచ్చని నాకు తెలుసు. డాబా ఎక్కి చేయొచ్చు. కానీ ఈ ఇంట్లో ఇంకో పని చాటుగా చేయాలనిపించలేదు. అత్తమ్మ ఎదురుగా గచ్చు మీదే కూర్చుని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కలిపి, ఊరు, ఇల్లు, పిల్ల వయసు, ముహూర్తం అన్నీ చెప్పాను.

"మీ పేరు చెప్పాల్సిన అవసరం లేదమ్మా," అంది అవతలి అమ్మాయి.

"రాసుకోండి. త్రివేణి. పిల్లకు మేనత్త కోడలిని."

చింతపండు మీద అత్తమ్మ చేతులు ఆగాయి.

మహిపాల్ కంచం నెట్టాడు. "వేణీ, అమ్మకు ఉన్నది ఒక్క తమ్ముడే..."

"భవానికి ఉన్నది గూడ ఒక్క బతుకే మహీ. దాన్ని నేనే గోడకెక్కించిన."

అరగంటకు ఒక అధికారి తిరిగి ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. రేపటి ముహూర్తానికి ఇలాంటివే ఇంకో రెండున్నాయట, తెల్లవారుజామునవి, దూరపు ఊళ్లు. అవి చూసుకుని పోలీసులతో సహా తొమ్మిదింటికల్లా భవాని ఊరికి వస్తారట. అంతకంటే ముందు కుదరదట. ఈ రాత్రే కానిస్టేబుల్‌ను పంపితే పిల్లను వేరే ఊరు దాటిస్తారట, అలా జరిగిన చోట్లున్నాయట.

ఫోన్ పెట్టి మేడంకు చేశాను. ఆమె పొద్దున్నే బయల్దేరుతానంది. అయినా లెక్క తేలలేదు.

"ఏడుంబావుకు లగ్గమైతే తొమ్మిదింటికి వచ్చి ఏం జేస్తరు?" అన్నాడు మహిపాల్. "అచ్చింతలేసి పోతరా?"

కరెంటు పోయి కూలర్ ఆగింది. వీధి చివర నుంచి బ్రెడ్డు వాసన వచ్చింది. మొదటిసారి అది నాకు బాగనిపించలేదు.

అత్తమ్మ లేచింది. వాకిట్లోకి వెళ్లి చీర తీసింది. డాబా మీద వడియాలు ఆరబెట్టిన చాట ఉంటే, మెట్లెక్కి దాన్నీ తెచ్చింది. నేను మెట్ల వైపే చూస్తున్నాను. మధ్యలో కూర్చోలేదు. దిగి వచ్చి, చీర మడత పెడుతూ, మూతలతో కాదు, గిన్నెలతో కాదు, నాతోనే అంది.

"గా గోలీలు మంచిగనే పన్జేస్తున్నయే. ఇన్నేండ్లు ముసలిదాన్నైన అనుకున్న."

తలూపాను.

"మొన్న వాడు ఫోన్ జేసిండు. ఒక్కదానివే రా, నీ కోడల్ని తేకు అన్నడు. పిలగానికి ఎన్నేండ్లురా అంటె, మొగోనికి వయసేంది అన్నడు." మడతను మోకాలి మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదిమింది. "దానికి నా పేరు వెట్టిండు. నా బతుకు గూడ వెట్టుమన్ననా?"

"అమ్మా, నువ్వు పోకు. గొడవైతది," అన్నాడు మహిపాల్.

"పోకుంటె ఇంకెవలనో ఆడబిడ్డ వరసదాన్ని పట్టుకొచ్చి ఎత్తిస్తడు. నేను ఊర్ల ఉంటె ఇంకోతి ముట్టదు. ముట్టనియ్య." చీరను కవర్లో పెట్టి నా వైపు తిరిగింది. కళ్లలో ప్రేమలాంటిదేమీ లేదు. ఇంకా కోపమే ఉంది, కాకపోతే నా ఒక్కదాని మీదే కాదు. "నువ్వు జేసిన పనికి నిన్ను మాఫ్ జెయ్యలే, గది యాదికుంచుకో."

"సరే అత్తమ్మ."

"రేపు నాలుగింటికి లేపు. మహిపాల్ బండి మీద పోదాం అంటె ముగ్గురం పట్టం, ఆటో మాట్లాడు. నేను కుమ్మరింటి కాడ కూసుంట. డప్పులు కొట్టుకోనీ, వాడు కాళ్లు మొక్కనీ, తిట్టనీ. గా తొమ్మిదింటోళ్లు వచ్చేదాంక కుండ మీద చెయ్యి వెట్టేది లేదు. నువ్వు పిల్ల పక్కకెల్లి కదలకు." పసుపు డబ్బా పక్కనున్న పట్టీ నుంచి ఒక గోలీ తీసి, మా ఇద్దరి ముందే నోట్లో వేసుకుని, నీళ్లు తాగింది. "మిషన్ గూడ తెచ్చుకో. ఫోటో మాత్రం తీసినవో, గవే కుండలు నీ నెత్తి మీద పలగ్గొడ్త."